గాలి మిసనాయన

ఒడిశా బరంపురంలో, గోసాని నువాగాం అనే పేటలో మా వీధి మలుపు దగ్గర ఒక ఇస్త్రీ బండి ఉంది. మొన్న చీరలు తెచ్చుకుందామని వెళ్తే బండి మీద ఒక పక్కగా, మడత నలగకుండా, ఒక తెల్ల చొక్కా కనిపించింది. తెలుపంటే మామూలు తెలుపు కాదు, నీలిమందు పెట్టి ఉతికిన తెలుపు. జేబు అంచున మాత్రం చిన్న సిరా మరక. నాకు మనుషుల ముఖాలు గుర్తుండవు గానీ మరకలు గుర్తుంటాయి. చాలా ఏళ్ళు సైన్సు టీచరుగా పిల్లల చొక్కాల మీద సిరా చూసిన అలవాటు. ఈ మరకను ఎక్కడో చూశాననిపించింది.

"ఇదెవరిది?" అని అడిగాను.

"గాలి మిసనాయనది అమ్మగారూ. ఇంక తీసుకోడు. ఆదివారం పోనాడు కదా," అన్నాడు బండతను, నా చీర మీద నీళ్ళు చిలకరిస్తూ.

"ఎక్కడ పోయాడు?"

"ఇక్కడే, ఇంట్లోనే. మూడో సందులో ఆలిల్లు. ఎన్నాల్లనుంచో ఉన్నారు. మీకు తెల్దేటి?"

నాకు తెలియదు. నా ఇంటికి మూడు సందుల అవతల ఆ మనిషి ఇన్నాళ్ళూ ఉన్నాడని, పొద్దున్నే ఇదే బండి దగ్గరికి వచ్చి చొక్కా తీసుకెళ్ళేవాడని నాకు తెలియదు. పాలవాడు ప్యాకెట్టు మార్చినా పట్టుకునేదాన్ని, కూరగాయల తక్కెడ కింద అంటించిన చింతపండు ముద్దను పసిగట్టేదాన్ని, ఈ ఒక్క సంగతి ఎలా చూడకుండా వదిలేశానో. చూడకూడదనే అటు చూడలేదేమో అని ఇప్పుడు నా మీద నాకే అనుమానంగా ఉంది.

"మీరటే ఎల్తారు కదా, ఈ సొక్కా ఆలింట్లో ఇచ్చీండి అమ్మగారూ. నాకు బండొదిలి ఎల్లడానికి కుదరట్లేదు," అన్నాడతను.

ఆ చొక్కా చేతిలో పెట్టుకుని ఇంటికి వచ్చేశాను. మూడో సందులోకి వెళ్ళడానికి నాకు రెండు రోజులు పట్టింది.

* * *

ఆయన పేరు నాకు ఇప్పటికీ తెలియదు. కాలుష్యం ఆఫీసులో చిన్న ఉద్యోగి. ఆఫీసరు జీపులో ముందు కూర్చుంటే ఈయన వెనక సీట్లో మిషను పట్టుకుని కూర్చునేవాడు. ఆ మిషను ఇనపపెట్టెలా ఉంటుంది. నెత్తిన చిన్న కప్పు, కప్పు కింద తెల్ల కాగితం. కరెంటు పెడితే పిండిమరలా మోగుతూ గాలిని లాక్కుంటుంది. గాలిలో ఉన్న దుమ్ము ఆ కాగితం మీద చేరుతుంది. కాగితాన్ని ముందొకసారి, తరవాత ఒకసారి తూస్తారు. ఎంత బరువు పెరిగితే అంత దుమ్ము. మా ఊళ్ళో అందరూ దాన్ని గాలి మిసను అనేవారు, ఆయన్ని గాలి మిసనాయన అనేవారు. బరంపురంలోనూ ఆయనకు అదే పేరు ఉందని ఇస్త్రీ బండి దగ్గరే తెలిసింది.

మా కన్నవారి ఊరు ఆంధ్రా సరిహద్దు దగ్గర. ఊరికి పడమట ఒక కొండ, కొండ కింద ఒక క్రషరు. కొండను కంకర చేసి లారీలకెత్తడం దాని పని. ఆ లారీలు తెల్లవారకముందే మా అమ్మ ఇంటి ముందు నుంచే హైవే మీదికి పోతాయి. ఆరేసిన బట్ట ఆరేలోపు బూడిద రంగుకు తిరుగుతుంది. పెరుగు గిన్నె మీద మూత ఒక్క నిమిషం తీస్తే పైన పొర కడుతుంది. మా అన్నయ్య ఆ క్రషరులో, రాళ్ళు పడే నోటి దగ్గర, కొన్నేళ్ళు పనిచేశాడు. దగ్గు మొదలయ్యాక మానేశాడు. ఒక డాక్టరు టీబీ అన్నాడు, మందులు రాశాడు. మందులు అయిపోయాయి, దగ్గు అయిపోలేదు. ఇంకో డాక్టరు మళ్ళీ టీబీయే అన్నాడు. రాతి దుమ్మేమోనండీ అని నేనంటే ఆయన కళ్ళజోడు పైనుంచి చూసి, "మీ ఊళ్ళో అంత దుమ్ముందని ఏదైనా కాగితం ఉందా అమ్మా?" అని అడిగాడు.

ఆ కాగితం కోసమే నేను అర్జీ పెట్టాను. దుమ్ము ఎక్కువని ఆఫీసు రాసిస్తే డాక్టర్లు అన్నయ్య ఊపిరితిత్తుల్ని ఇంకో కంటితో చూస్తారు, క్రషరూ ఊరికి దూరంగా జరుగుతుంది. నాకు కావలసిందల్లా ఆ ఒక్క కాగితం. అర్జీ పెట్టిన చాలా నెలలకు జీపు వచ్చింది.

జీపులోంచి దిగిన ఈయన్ని చూసి నాకు మొదట వచ్చింది నవ్వు. దుమ్ము కొలవడానికి వచ్చినవాడు మల్లెపువ్వులాంటి చొక్కా వేసుకొచ్చాడు. ఊళ్ళో అందరూ అదే మాట. మా అన్నయ్య అరుగు మీద కూర్చుని, దగ్గు మధ్యలో, "పెళ్ళికొచ్చినాడేటి ఈయన?" అన్నాడు. నవ్వు తరవాత అనుమానం వచ్చింది. పని చేసేవాడు తెల్లచొక్కా వేసుకోడు. పని చేసినట్టు కనిపించాల్సినవాడు వేసుకుంటాడు.

ఆయన నన్ను అడిగిన మొదటి మాట, "గాలి ఎటు టీచరమ్మా?"

నాకు తెలియదన్నాను. ఆయన మా అమ్మ పొయ్యిలోంచి చిటికెడు బూడిద తెచ్చుకుని గాలిలోకి వదిలాడు. తల పక్కకు వంచి అది ఎటు పోతోందో చూశాడు. మళ్ళీ ఇంకో చిటికెడు. ఆఫీసరు జేబులో గాలి దిక్కు చూపించే పరికరం ఉంది. అది అదే దిక్కు చూపించింది. అయినా ఈయన బూడిదనే నమ్మాడు.

తనది సముద్రం ఒడ్డున పొడంపేట అని అప్పుడు చెప్పాడు. వాళ్ళ నాన్న చేపల వేటకెళ్ళేవాడట. పొద్దున్నే గుమ్మంలో నిలబడి ఈరోజు ఫలానా గాలి అని గట్టిగా అరిచేవాడట. ఇంట్లో పిల్లలందరూ, పక్కల మీద ఉన్నవాళ్ళతో సహా, ఆ మాట తిరిగి చెప్పాలట. బళ్ళో హాజరు పలికినట్టు. "ఎవుడైనా పలక్కపోతే ఆ పూట గంజి ఉండీది కాదు," అన్నాడు నవ్వుతూ. "ఇప్పుడా ఇల్లే లేదు. సముద్రం పట్టుకుపోనాది. గాలి పేర్లు మాత్రం మిగిలినాయి."

మంచి మాటలే. అయితే మంచి మాటలు చెప్పేవాళ్ళను నేను ఇంకొంచెం జాగ్రత్తగా చూస్తాను.

మా అమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఆయన రెండు చేతులూ జోడించి, "వద్దమ్మా, నాది నాకున్నాది," అని సంచీలోంచి సొంత సీసా తీసి తాగాడు. భోజనం వద్దన్నాడు. టీ వద్దన్నాడు. ఇంటికొచ్చినవాడు నీళ్ళు ముట్టుకోకపోతే మా అమ్మకు ఎంత అవమానమో చెప్పలేను. చెంబు తీసుకుని లోపలికి వెళ్ళి, "మన నీల్లు మురుగేటి?" అని గోడతో అన్నట్టు అంది.

మిషను మా డాబా మీద పెట్టారు. ఆ రోజంతా, మర్నాడు పొద్దుటివరకూ మోగింది. కాగితం తీసి కవరులో పెట్టి సీలు వేసి తీసుకెళ్ళారు. నెల తరవాత రిపోర్టు వచ్చింది. దుమ్ము పరిమితిలోనే ఉందట.

పరిమితిలోనే. అమ్మ ఇంట్లో ఆ మాట చదువుతున్నప్పుడు నా వేలు పక్కన కిటికీ ఊచ మీద ఉంది. వేలు తీసి చూసుకున్నాను. మట్టి.

* * *

నేను ఊరుకునే మనిషిని కాదు. మళ్ళీ అర్జీ, మళ్ళీ జీపు. ఈసారి ఒక సంగతి గమనించాను. ఆఫీసువాళ్ళు వచ్చిన రోజు క్రషరు మెత్తగా మోగుతుంది. రోజూ కొండంతా కదిలించే మోత, ఆ రోజు ఎవరో నోరు మూసినట్టు ఉంటుంది. కంకర పోయే బెల్టు మీద టార్పాలిన్లు కప్పుతారు. పైపులతో నీళ్ళు కొడతారు. మేము ఎన్నడూ చూడని నీళ్ళు. ఎవరో ముందే చెప్తున్నారన్నమాట.

ఎవరు? లెక్కల టీచరును కాకపోయినా ఇది తేలిక లెక్కే. జీపు వచ్చే ముందురోజు ఈయన నాకు ఫోను చేసేవాడు.

"రేపొస్తన్నాం టీచరమ్మా. మీ అమ్మగారిని ఇంటికాడ ఉండమనండి. ప్లగ్గు కావాల కదా. ఇంకెవరికీ సెప్పొద్దు."

నేను అమ్మకు ఒక్కదానికే చెప్పేదాన్ని. అమ్మ ఎవరికీ చెప్పేది కాదు. ఆ విషయంలో ఒట్టు పెట్టమన్నా పెడతాను. ఆఫీసరు కొత్తగా వచ్చిన కుర్రాడు, భువనేశ్వరు అటువైపు మనిషి, మా ఊరికి దారి కూడా ఈయన చెప్తేనే తెలిసేది. మరి మిగిలింది ఎవరు?

రెండోసారి వచ్చిన రోజు నా కళ్ళతో చూశాను. మధ్యాహ్నం మిషనును మోగనిచ్చి ఈయన ఒక్కడే క్రషరు వైపు నడిచాడు. నేను తోటలోంచి చూస్తున్నాను. గేటు దగ్గర అక్కడి గుమాస్తా స్టూలు వేశాడు. టీ తెప్పించాడు. ఈయన తాగాడు! మా అమ్మ చెంబు ముట్టుకోని మనిషి, వాళ్ళ గ్లాసు చేత్తో పట్టుకుని, ఆవిరి ఊదుకుంటూ, గుమాస్తాతో తాపీగా నవ్వుతూ తాగాడు. అంత సేపు టీ తాగినవాణ్ణి నేను జన్మలో చూడలేదు.

ఇంటికొచ్చి అన్నయ్యతో చెప్పాను. అన్నయ్య అప్పటికి పడుకోవడం మానేశాడు. పడుకుంటే ఊపిరాడదని దిండ్లు పెట్టుకుని కూర్చునే నిద్రపోయేవాడు. "సూసినావా అన్నా, తెల్లసొక్కా ఎందుకో," అన్నాను. నాకు కోపమొస్తే మా ఊరి మాట వచ్చేస్తుంది. అన్నయ్య చెయ్యి ఊపాడు. మాట్లాడటానికి వాడికి ఊపిరి చాలలేదు.

ఆ రిపోర్టూ పరిమితిలోనే వచ్చింది.

మూడోసారి వచ్చినప్పుడు నేను సెలవు పెట్టి ముందు రాత్రికే ఊరు చేరుకున్నాను. పొద్దున జీపు ఆగేసరికి వీధి కడిగిన పళ్ళెంలా ఉంది. గుమ్మాల ముందు ముగ్గులు. ఆఫీసరు దిగి చుట్టూ చూసి ఒడియాలో సంతోషపడ్డాడు. "గాఁ టా ఖుబ్ పరిష్కార!" అన్నాడు. ఒడియాలో పరిష్కార అంటే శుభ్రం. తెలుగులో మేము ఎదురుచూస్తున్నది పరిష్కారం. మాకు మూడుసార్లూ మొదటిదే దొరికింది.

కొండ వైపు చెవి పెట్టాను. క్రషరు మెత్తగా మోగుతోంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. వీధిలో ఇరవైమంది నిలబడి ఉన్నారు. అందరి ముందూ ఈయన మీదికి వెళ్ళాను.

"నువ్వేనా చెప్పింది? గేటు దగ్గర టీ తాగి మా ఊపిరి అమ్ముకుంటున్నావా? దొంగా!"

నాకంటే పెద్దవాడు. నువ్వు అన్నాను. దొంగ అన్నాను. ఆఫీసరుకు తెలుగు రాదు గానీ దొంగ అన్న మాట తెలుసు, ముఖం తిప్పుకున్నాడు.

ఈయనకు కోపం రాలేదు. నా వైపు చూడనే లేదు. ఆయన చూపు నా కాళ్ళ దగ్గర ఆగింది. మెల్లగా వంగి, నేల మీద వేలు పెట్టి, తడి మట్టిని రెండు వేళ్ళ మధ్య నలిపాడు. లేచి వీధి పొడుగునా ఈ చివరినుంచి ఆ చివరికి చూశాడు. తరవాత మా అమ్మను అడిగాడు.

"ఈరోజు ఏటి పండగమ్మా?"

"పండగేటి బాబూ," అంది అమ్మ, నేనన్న మాటకు సిగ్గుపడుతూ. "మీరొస్తారని."

ఆయన వెళ్ళి మా అరుగు మీద కూర్చుని చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. దొరికిపోయినవాడు అలాగే కూర్చుంటాడని నేననుకున్నాను.

* * *

తరవాత ఫోను రాలేదు. అనుమానం నిజమైందన్న తృప్తి నాకు కొన్నాళ్ళు ఉండింది. దాచను, అది తృప్తే.

ఎండాకాలం సెలవుల్లో నేను ఊళ్ళో ఉండగా, ఒక మిట్టమధ్యాహ్నం, చెప్పాపెట్టకుండా జీపు వచ్చి ఆగింది. అమ్మ చేలో ఉంది. వీధిలో పిట్ట లేదు. క్రషరు కొండను తొలిచేస్తూ మోగుతోంది. ఆఫీసరు జీపులోనే ఉన్నాడు, ఈయన దిగాడు. అదే తెల్లచొక్కా, అదే సిరా మరక. నన్ను చూసి, "ప్లగ్గు ఉందా టీచరమ్మా?" అన్నాడు, మా మధ్య ఏమీ జరగనట్టు.

ప్లగ్గు చూపించాను. ఆయన ఒక్కడే మిషనును డాబా మెట్లెక్కించాడు. సాయం పడతానని నేననలేదు.

మిషను మోగడం మొదలుపెట్టిన అరగంటకు అమ్మ చేలోంచి పరుగున వచ్చింది. చేతిలో కొడవలి అలాగే ఉంది. వీధి చూసి తల బాదుకుంది.

"ముందు సెప్తే కల్లాపి జల్లీవోలం కదా బాబూ! ఈదంతా దుమ్ము కొట్టుకుపోయున్నాది. పెద్ద బాబు సూస్తే ఏటనుకుంటారు?"

"అందుకే సెప్పలేదమ్మా," అన్నాడాయన.

అప్పుడు విప్పి చెప్పాడు. నాకు కాదు, అమ్మకే, చిన్నపిల్లకు చెప్పినట్టు నెమ్మదిగా. "మీ ఊర్లో నీల్లకి కరువు. రోజూ గుమ్మం ముందు ఒక్క సెంబుడు జల్లుతారు, అంతే కదమ్మా? మేం వచ్చే రోజు మాత్రం మీరు బకెట్లు బకెట్లు జల్లుతారు. మిమ్మల్ని సూసి పక్కింటోలు, ఆల్ని సూసి ఎదురింటోలు. ముగ్గులెట్టీస్తారు. తెల్లారకముందే లారీలు ఈ ఈదిలోంచే కదా ఎల్తాయి. డ్రైవరికి ఇంక ఎవరైనా సెప్పాలేటి? పండగ కాని రోజు ఈది తడిసుంటే ఆఫీసోలు ఒస్తన్నట్టే. ఎల్లి క్రషరులో సెప్పీస్తాడు. ఆలు పైపులిప్పుతారు. మేం దిగేసరికి అక్కడ దుమ్ము ఉండదు, ఇక్కడ ఉన్నదేదో మీరు కడిగీసుంటారు."

అమ్మ కొడవలి కింద పెట్టి నేల మీద చతికిలబడింది. "ఓలమ్మా," అంది. చేతులు రెండూ ముందు పెట్టుకుని వాటినే చూసుకుంటూ ఉండిపోయింది.

నేను మాత్రం అప్పుడు కూడా ఓడిపోవడానికి సిద్ధంగా లేను. "మరి గేటు దగ్గర టీ ఎందుకు తాగారు?" అన్నాను.

ఆయన నవ్వాడు. "టీ తాగినంతసేపూ నిలబడనిస్తారు టీచరమ్మా. లేకపోతే ఎల్లిపొమ్మంటారు. నిలబడితే సూడొచ్చు. పైపు కింద నేల పాత తడా, కొత్త తడా అని. ప్రతిసారీ కొత్త తడే. మీ ఇంటికాడ నిలబడ్డానికి నాకు టీ అక్కర్లేదు కదా. ఒక్క సెంబుడు నీల్లు తాగినా రేపు రిపోర్టు మీకు బాగొస్తే, ఆలింట్లో తిని రాసినాడంటారు."

"మా వీధి సంగతి ఎలా కనిపెట్టారు?"

ఆయన చొక్కా కాలరు పట్టుకుని నాకు చూపించాడు. మెడ వెనక, మడత దగ్గర, అరగంటలోనే బూడిద గీత పడింది. "అందుకే తెల్లసొక్కా. మీకు ఫోను సేసొచ్చిన రోజు ఇది ఎప్పుడూ మాయలేదు. సెలవు రోజుల్లో ఊరికే బస్సులో మీ ఊరి మీదగ ఎల్లేవోణ్ని. ఆ రోజు నల్లగ అయిపోయీది. ఏటో తేడా ఉన్నాదనుకున్నాను గాని ఏటో తెల్లేదు. మీరు ఆరోజు నన్ను తిట్టినప్పుడు తల దించుకున్నాను. తల దించుకుంటే నేల కనిపించింది."

తప్పయిందని ఆ క్షణాన అనాల్సింది. నోటిదాకా వచ్చింది. ఎవరినీ నమ్మని మనిషికి క్షమాపణ చెప్పడం కూడా ఒక నమ్మకమేనేమో, నాకు చేతకాలేదు. "మజ్జిగ అయినా తాగుతారా?" అన్నాను. ఆయన చేతులు జోడించాడు.

మర్నాడు పొద్దున కాగితం తీశారు. సీలు వేసే ముందు ఆయన దాన్ని చిన్న పటకారుతో అంచులు పట్టుకుని అన్నయ్య దగ్గరికి తెచ్చి చూపించాడు. అలా చూపించొచ్చో లేదో నాకు తెలియదు. ఆఫీసరు అటు తిరిగి ఫోను చూసుకున్నాడు. నిన్న పాలలా ఉన్న కాగితం పెనం అడుగులా ఉంది. అన్నయ్య చాలాసేపు చూశాడు.

"ఇదేనా నా లోపలున్నాది?" అన్నాడు.

కాగితాన్ని కవరులో పెట్టడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

ఆ రిపోర్టులో పరిమితి దాటిందని రాశారు. దాన్ని పట్టుకెళ్తే మూడో డాక్టరు అన్నయ్య ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూసి, ఇది టీబీ కాదు, రాతి దుమ్ము అని రాశాడు. రాస్తూ, "కాస్త ముందు తెచ్చి ఉంటే," అన్నాడు. మొదటిసారి జీపు రావడానికీ ఆ రోజుకూ మధ్య ఏడాదిన్నర గడిచింది. ఆ ఏడాదిన్నరా మేము వీధి కడుక్కుంటూ కూర్చున్నాం. అన్నయ్య ఆ వానాకాలం దాటలేదు.

క్రషరు మూయించారు. కొన్నాళ్ళకు కొండకు అవతలి వైపు ఇంకో బోర్డుతో ఏదో మోత మొదలైందని విన్నాను. అదే కొండ, వేరే పేరు. నేను దాన్ని నమ్మలేదు, అర్జీ పెట్టాను. ఆ అర్జీ ఇంకా నడుస్తోంది. అమ్మ మాత్రం ఆ తరవాత ఎప్పుడూ వీధి తడపలేదు. గుమ్మం ముందు ఒక్క చెంబు, అంతే. పండగరోజు కూడా అంతే.

* * *

మూడో సందులో ఇల్లు వెతకక్కర్లేకపోయింది. అన్ని గుమ్మాల ముందూ కళ్ళాపి తడి, చిన్నా పెద్దా ముగ్గులు. ఒక్క గుమ్మం ముందు మాత్రం నేల పొడిగా ఉంది. మైల ఇంట్లో కళ్ళాపి జల్లరు కదా. ఆ పొడి నేల మీద చాలామంది చెప్పుల అచ్చులు పడి ఉన్నాయి.

ఆయన భార్య వచ్చింది. సన్నటి మనిషి. "ఇస్త్రీ బండతను పంపాడమ్మా, ఈ చొక్కా ఇమ్మని," అన్నాను. అంతకంటే ఒక్క మాట కూడా చెప్పలేదు.

ఆమె చొక్కాను రెండు చేతులతో అందుకుంది. మామూలుగా చూడాల్సింది ముందువైపు కదా, ఆమె కాలరు తిప్పి చూసింది. "ఇంటికొస్తే రోజూ ఇదే పని," అంది. "సొక్కా ఇప్పీసి కాలరు నాకు సూపించీవోడు. ఈరోజు ఇంత తిన్నానే అనీవోడు. అన్నం గురించి సెప్పినట్టు. తిన్నది తిన్నట్టే ఉండిపోనాది లోపల. ఆకర్ని ఊపిరాడలేదు."

లోపల గోడకు ఫొటో ఉంది. కింద పేరు రాసి ఉంటుంది. నేను అటు చూడలేదు.

"మీదే ఊరమ్మా?" అని అడిగింది.

"బరంపురమే," అన్నాను. ఎందుకు అబద్ధమాడానో నాకు తెలుసు. మా ఊరి పేరు చెబితే ఆమె ముఖం ఎలా మారుతుందో చూసే ధైర్యం నాకు లేదు.

ఆమె తల ఊపింది. చొక్కాను ఒళ్ళో పెట్టుకుని మడతలు సరిచేస్తూ మాట్లాడింది. "అటు ఆంధ్రా వైపు ఒక ఊరుందంట. ఆ ఊరి కత ఎప్పుడూ సెప్పీవోడు. ఒకాయమ్మ అందరి ముందూ దొంగా అన్నాదంట. నాకు కోపమొచ్చీది. ఆయనకి రాలేదు. 'తప్పు నాదేనే. ముందురోజు ఫోను సేసింది నానే కదా. నాను సెప్పకపోతే ఆలు జల్లరు. ఆ ఏడాదిన్నర నాదే. అక్కడొక మనిసి పోనాడు' అనీవోడు. సివరి రోజుల్లో కూడా అదే మాట."

ప్లగ్గు కావాలని ఫోను చేసిన పాపానికి, మా ఇంటి చావును ఆ మనిషి ఇన్నాళ్ళూ తన మీద వేసుకుని మోశాడు. మూడు సందుల దూరంలో. నేను ఒక్క పొద్దున ఇస్త్రీ బండి దగ్గర తలెత్తి చూసి, మీ తప్పు కాదండీ అని ఉంటే చాలు. చెప్పాలని ఇప్పుడు కూడా నోరు తెరిచాను. పైట సర్దుకుని మూసుకున్నాను.

"ఆయమ్మ మీకెక్కడైనా కనిపిస్తే సెప్పండమ్మా," అందామె. "ఆయన కోపంగా పోలేదని."

"చెప్తాను," అన్నాను.

లేచాను. ఆమె గుమ్మం దాకా వచ్చింది. "మంచిది, జాగర్తగ ఎల్లిరండి టీచరమ్మా," అని తలుపు దగ్గరగా వేసింది.

సందు మలుపు దాకా వచ్చాక ఆగిపోయాను. నేను టీచరునని ఆమెకు చెప్పలేదు.